గాజుపెంకుల నుంచి తాబేలు గుడ్ల దాకా

మా ఊళ్ళో తీరం బాగుచేసుకునే పని గాజుపెంకులతో మొదలైంది. విశాఖపట్నం నుంచి భీమునిపట్నం వెళ్ళే సముద్రతీరపు రోడ్డు పక్కన ఉన్న చిన్న మత్స్యకార గ్రామం మాది. ఇక్కడ ఇప్పటికీ అలివి వల లాగుతారు. పడవలో వలను లోపలికి తీసుకువెళ్ళి, వంపుగా వదులుకుంటూ వచ్చి, రెండు కొసల తాళ్ళను ఒడ్డుకు చేరుస్తారు. ఒక్కో తాడు దగ్గర పది పదిహేను మంది నిలబడి, మడమలు ఇసుకలో దిగేసి, వెనక్కి అడుగులు వేస్తూ లాగాలి. చెప్పులుంటే పట్టు దొరకదు కాబట్టి అందరివీ వట్టి కాళ్ళే. రాత్రి విందు చేసుకున్నవాళ్ళు సీసాలను రాళ్ళకేసి కొట్టి వెళ్ళిపోతే, తెల్లవారుజామున ఆ పెంకులు మా వాళ్ళ పాదాల్లో దిగేవి. మా చిన్నాన్నకు అలాగే మడమ తెగింది. ఆయనకు షుగరు. పుండు మానడానికి నెలలు పట్టింది. వేటకు మంచి రోజులన్నీ మంచం మీదే గడిచిపోయాయి.

ఆ సంగతి మా వీధి పొదుపు సంఘం సమావేశంలో వచ్చింది. వాయిదాల లెక్క చూసుకోవడానికి కూర్చున్న ఆడవాళ్ళు పుస్తకం పక్కన పెట్టి దీని గురించే మాట్లాడారు. పడవలు రాగానే గంపలు పట్టుకుని ఒడ్డు మీదికి పరుగెత్తేది వాళ్ళే. వాళ్ళ పిల్లలు ఆడుకునేదీ అక్కడే. "ఎవరో వచ్చి తీస్తారని ఎన్నాళ్ళు చూస్తాం? ఆదివారం పొద్దున్నే నేను వెళ్తున్నాను, వచ్చేవాళ్ళు రండి" అంది మా పెద్దమ్మ. నేను నగరంలో ఒక దుకాణంలో లెక్కలు రాసే ఉద్యోగం చేస్తాను, ఆదివారం సెలవు. అలా నేనూ వెళ్ళాను.

గాజు ఏరడం ఉత్త చేతులతో అయ్యే పని కాదని కాసేపటికే తెలిసింది. పైకి కనిపించే పెంకుల కంటే ఇసుకలో కలిసిపోయినవే ఎక్కువ. మా వీధిలో తాపీ పని చేసే ఒక అన్నయ్య ఇసుక జల్లించే పెద్ద జల్లెడలు ఇచ్చాడు. ఇద్దరు జల్లెడ ఊపుతుంటే ఒకరు పారతో ఇసుక వేయాలి, ఇంకొకరు మిగిలిన చెత్తను వేరు చేయాలి. గాజుకు ఒక బస్తా, ప్లాస్టిక్‌కు ఒకటి, వలముక్కలకు ఒకటి. పగలని సీసాలను పాత సామాన్ల వ్యాపారి కొనుక్కుంటాడు. పెంకులు మాత్రం ఎవరికీ అక్కర్లేదు. రామాలయం వెనుక ఆ బస్తాలు గుట్టగా పెరిగిపోయాయి. చెత్త బండి రోడ్డు మీద నుంచే తిరిగి వెళ్ళిపోయేది. సంతకాలు పెట్టిన అర్జీలు, ఫోటోలు పట్టుకుని కార్యాలయం చుట్టూ తిరిగి తిరిగి, చివరికి ఆదివారం మధ్యాహ్నం బండి ఒడ్డుదాకా వచ్చేలా చేసుకున్నాం. ఇది మా మొదటి విజయం. నా మట్టుకు నాకు ఇప్పటికీ అదే పెద్దదనిపిస్తుంది, ఎందుకంటే ఎంత ఏరినా తీసుకువెళ్ళేవాళ్ళు లేకపోతే ఆ చెత్త తొలి వానకే తిరిగి సముద్రంలోకి పోతుంది.

వాన అంటే గెడ్డ గుర్తుకొస్తుంది. మా ఊరి ఉత్తరం వైపు ఒక గెడ్డ, అంటే చిన్న వాగు, సముద్రంలో కలుస్తుంది. వేసవిలో అది ఎండిన గాడి. వర్షాకాలంలో మాత్రం ఎగువ కాలనీల సంచులు, సీసాలు, థర్మోకోల్ అన్నీ మోసుకొస్తుంది. సముద్రం వాటిని అట్టే పెట్టుకోదు, నాలుగు రోజులు తిప్పి మళ్ళీ మా ఒడ్డునే పారేస్తుంది. తీరం మీద ఏరడం కంటే గెడ్డ దగ్గర ఆపడం తేలిక అని చెప్పింది చదువుకున్నవాళ్ళెవరూ కాదు, వలలు అల్లే మా మామయ్య. పనికిరాని పాత వలకు తేలేందుకు బెండ్లు కట్టి, అడుగున బరువులు వేసి, గెడ్డ మొగకు కాస్త ఎగువన అడ్డంగా కట్టాడు. పెద్ద వాన వచ్చే సూచన ఉంటే ముందే విప్పేయాలి, లేకపోతే నీరు వెనక్కి తన్ని ఇళ్ళలోకి వస్తుంది. మామూలు రోజుల్లో మాత్రం చెత్తంతా ఒకేచోట ఆగుతుంది. థర్మోకోల్ విషయంలో ఇది మరీ మేలు చేసింది. కెరటాలకు నలిగి పొడి అయిపోయాక దాన్ని ఇసుకలోంచి ఏ జల్లెడా తీయలేదు.

ఏటా సెప్టెంబరు మూడో శనివారం అంతర్జాతీయ తీర శుభ్రతా దినం జరుపుతారు. ఆ రోజు బస్సుల్లో విద్యార్థులు వస్తారు, బ్యానర్లు కడతారు, టోపీలు పంచుతారు. వచ్చేవాళ్ళను నేను తప్పుపట్టను, వాళ్ళలో కొందరు తర్వాత కూడా వచ్చి మాతో పనిచేశారు. కానీ తీరం శుభ్రంగా ఉండేది వారం వారం వచ్చే చేతుల వల్లే. మా సంఘంలో అరవై దాటిన ఆడవాళ్ళు ఉన్నారు. వాళ్ళు పేరు నమోదు చేసుకోలేదు, టోపీ పెట్టుకోలేదు. ఆదివారం తప్పలేదు.

తాబేళ్ళ సంగతి ఇంత జరిగాక వచ్చింది. ఒక జనవరి ఉదయం ఊరికుక్కలు ఇసుకలో గుంట తవ్వి ఏదో తింటున్నాయి. దగ్గరికి వెళితే చిరిగిన తెల్లని పెంకులు, పచ్చసొన. మాతో ఉన్న తాత ఒకాయన ఇసుక మీది జాడ చూసి, "రాత్రి తాబేలు ఎక్కింది, అమ్మాయ్. ఇక్కడ పెట్టి, ఇటు దిగిపోయింది" అని చేత్తో చూపించాడు. నాకు అక్కడ గీతలు తప్ప ఏమీ కనబడలేదు. చిన్నతనంలో ఆయన ఆ గుడ్లు తవ్వి తెచ్చి తిన్నవాడు, అమ్మినవాడు కూడా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత అది నేరమైంది. తాబేలును కూర్మావతారంగా మొక్కే ఊరు మాది, శ్రీకూర్మం మాకు దూరమూ కాదు. ఆకలి రోజుల్లో గుడ్లు తిన్నవాళ్ళు, వలలో పడిన తాబేలుకు దండం పెట్టి వదిలినవాళ్ళు ఒకే ఇంట్లో ఉండేవారు.

మా తీరానికి వచ్చేది ఆలివ్ రిడ్లీ తాబేలు. నవంబరు, డిసెంబరుల్లో తీరజలాలకు చేరి, జనవరి నుంచి మార్చి, ఏప్రిల్ దాకా రాత్రిపూట ఒడ్డెక్కి గుడ్లు పెడుతుంది. ఒడిశాలోని రుషికుల్య, గహిర్‌మథాలకు వచ్చినట్టు లక్షల్లో ఇక్కడికి రావు. ఒక్కొక్కటిగా, ఎక్కడ పడితే అక్కడ వస్తాయి. అందుకే కాపలా కాయడం కష్టం. అటవీ శాఖ విశాఖ తీరంలో కొన్నిచోట్ల గుడ్ల సంరక్షణ కేంద్రాలు నడుపుతుంది. మేము వెళ్ళి మా ఊరి సంగతి చెబితే, గుడ్లు ఎలా తీయాలో, ఎలా తీయకూడదో నేర్పారు. అనుమతి లేకుండా వాటిని ముట్టుకోకూడదని మొదటే గట్టిగా చెప్పారు. మా కుర్రాళ్ళు, ఆ తాత, మేము కొందరు ఆడవాళ్ళం కలిసి ఒక జట్టు అయ్యాం.

రాత్రి గస్తీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. తడి ఇసుక అంచున, జట్లుగా, మాటలు లేకుండా నడవాలి. టార్చికి ఎర్ర కాగితం చుట్టాలి, అదీ అవసరమైతేనే వెలిగించాలి. వెన్నెల లేకపోయినా కాసేపటికి చూపు చీకటికి అలవాటు పడుతుంది. జాడ కనబడితే, అది పైకి వెళ్ళిందా తిరిగి దిగిందా అన్నది ముందు తేల్చుకోవాలి. ఆలివ్ రిడ్లీ కుడి కాలు, ఎడమ కాలు ఒకదాని తర్వాత ఒకటి వేస్తుంది కాబట్టి గుర్తులు రెండు వైపులా సరిసమానంగా ఉండవు. ఒక్క జాడే ఉంటే తల్లి ఇంకా పైనే ఉంది. అప్పుడు ఎక్కడివాళ్ళం అక్కడే కూర్చోవాలి. గుడ్లు పెట్టడం మొదలుకాక ముందు ఏ కదలిక కంటపడినా అది పెట్టకుండానే సముద్రంలోకి వెళ్ళిపోతుంది.

మొదటిసారి చూసినప్పుడు నాకు కాళ్ళు కదల్లేదు. వెనుక కాళ్ళతో, తను చూడలేని చోట, అది గుంత తవ్వుతుంది. ఒక కాలు ఇసుకను తోడి పక్కన పోస్తే రెండోది కొంచెం చిమ్ముతుంది, మళ్ళీ రెండోది తోడుతుంది. దాదాపు మూర లోతు, పైన ఇరుకు, అడుగున వెడల్పు. పింగ్‌పాంగ్ బంతుల్లాంటి గుడ్లు రెండు మూడు చొప్పున జారి పడతాయి, మామూలుగా 100 నుంచి 120 దాకా. తర్వాత ఇసుక కప్పి, ఒళ్ళంతా అటూ ఇటూ ఊపుతూ డొప్పతో దిమ్మిస కొట్టినట్టు కొడుతుంది. ఆ చప్పుడు మనకు వినిపిస్తుంది. మొత్తం గంట లోపే. అక్కడి నుంచి సముద్రంలోకి వెళ్ళిపోతుంది, పిల్లల్ని మళ్ళీ చూడదు. దాని కళ్ళ వెంట నీరు కారుతుంది. ఒంట్లోని ఉప్పును అది అలా వదిలించుకుంటుందని చదివాను. మా పెద్దమ్మకు ఆ మాట చెప్పినా, ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకోవడం మానలేదు.

గుడ్లు మార్చాల్సి వస్తే తొందరగా మార్చాలి. పెట్టిన కొన్ని గంటలకే లోపలి పిండం పెంకుకు అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డు తిరగబడితే బతకదు. గూడును కర్రతో గుచ్చి వెతకడం పాత పద్ధతి, అందులో పైగుడ్లు పగిలేవి. తాత చేతివేళ్ళతో ఇసుక నొక్కి చూస్తాడు, మెత్తగా దిగిన చోట తవ్వుతాడు. తీసిన గుడ్డును తీసినట్టే, పైభాగం పైకే ఉంచి, తడి ఇసుక పరిచిన బకెట్లో పెట్టాలి. కేంద్రంలో అదే లోతు, అదే ఆకారంలో గుంత తవ్వి, అడుగువి అడుగున, పైవి పైన సర్ది, అసలు గూటి ఇసుకతోనే కప్పాలి. గూటికి గూటికి మధ్య రెండు మూడడుగుల దూరం. పక్కన కర్ర పాతి తేదీ, గుడ్ల సంఖ్య రాసిన చీటీ కట్టాలి. ఆ లెక్కల పుస్తకం నా దగ్గరే ఉంటుంది. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు వస్తాయి. ఇసుక వెచ్చదనాన్ని బట్టి రోజులు తగ్గుతాయి, పెరుగుతాయి.

ఆ వెచ్చదనమే ఆడ, మగలను కూడా నిర్ణయిస్తుంది. ఇసుక 29, 30 డిగ్రీల దగ్గర ఉంటే రెండూ పుడతాయి. అంతకంటే వేడెక్కితే ఎక్కువగా ఆడవి, చల్లగా ఉంటే ఎక్కువగా మగవి. గూళ్ళన్నీ ఒకే కంచెలో, ఒకే ఎండలో పెడితే ఏం జరుగుతుందో ఊహించవచ్చు. అందుకని కొంత భాగానికి తాటాకు నీడ వేశాం. ఇది తెలిసిన దగ్గర నుంచి నాకు ఒక ఆలోచన గట్టిపడింది. గుడ్లు మార్చడం గత్యంతరం లేనప్పుడు చేసే పని. తల్లి తీరమంతా తిరిగి, తనకు నచ్చిన చోట, వేర్వేరు ఎత్తుల్లో, వేర్వేరు వేడిమిలో పెట్టుకున్న గుడ్లను మనం తెచ్చి ఒకే కంచెలో కుదిస్తున్నాం. పోటుకు మునిగే చోట పెట్టినవాటిని తేవాల్సిందే. మిగతావి ఉన్నచోటే ఉండగలిగితే అంతకంటే మంచిది లేదు. అలా ఉండాలంటే కుక్కలు, దీపాలు, చెత్త, బళ్ళు అన్నీ అదుపులో ఉండాలి. గాజుపెంకులతో మొదలైన పని, తాబేళ్ళ పని ఒకటేనని అప్పుడు అర్థమైంది.

దీపాల విషయం అన్నిటికంటే గట్టిగా పోరాడాల్సి వచ్చింది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఎటు వెలుతురుగా ఉంటే అటు పాకుతుంది. సహజంగా అది సముద్రం వైపే ఉంటుంది. రోడ్డు మీద తెల్లని దీపాలు వెలిగితే అవి రోడ్డెక్కుతాయి, బళ్ళ కింద పడతాయి, లేదా తెల్లవారాక ఎండకు, కాకులకు పోతాయి. మా ఊరి పక్కనే ఒక విడిది గృహం తోటలో పెద్ద దీపాలు సముద్రం వైపు తిప్పి పెట్టారు. అడిగితే మొదట నవ్వారు. మేము మళ్ళీ మళ్ళీ వెళ్ళాం. ఒక వేకువన వాళ్ళ గోడ పక్కనే దారితప్పి చచ్చిపడి ఉన్న పిల్లలను తీసి పళ్ళెంలో పెట్టి, అక్కడి మేనేజరుకు చూపించాం. ఆ వారంలోనే దీపాలు నేల వైపు తిరిగాయి. జనవరి నుంచి మే దాకా రాత్రి పదింటికి ఆపేస్తామన్నారు, ఆపుతున్నారు.

మా వీధి దీపాల దగ్గర మాత్రం వాదన ఊళ్ళోనే వచ్చింది. కుర్రాళ్ళు పూర్తిగా ఆర్పేయాలన్నారు. ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. "నాలుగింటికి పడవలకు ఎదురెళ్ళేది మేము. చీకట్లో నడవమంటారా?" అని అడిగారు. వాళ్ళ మాట న్యాయం. చివరకు దీపాలు ఉంచి, సముద్రం వైపు రేకుతో మూత కట్టించి, తెల్లవాటి బదులు పసుపు రంగువి పెట్టించాం. ఊరికి వెలుతురు ఉంది, ఒడ్డు చీకటిగా ఉంది. ఇలాంటి పరిష్కారం బయటి నుంచి వచ్చి సలహా ఇచ్చేవాళ్ళకు తట్టదని నా నమ్మకం.

చచ్చిన పెద్ద తాబేళ్ళ సంగతి రాయకుండా ఉండలేను. జనవరి, ఫిబ్రవరుల్లో ఒడ్డుకు కొట్టుకొచ్చిన కళేబరాలు కనబడతాయి. ఒంటిపై గాయం ఉండదు. తాబేలు గాలి పీల్చుకోవడానికి పైకి రావాలి. మరబోట్లు ఈడ్చుకుపోయే ట్రాల్ వలలో చిక్కి గంటలు నీటిలోనే ఉండిపోతే ఊపిరాడక చనిపోతుంది. వలలో ఏటవాలుగా ఇనుప చట్రం పెట్టి, తాబేలు బయటపడేందుకు ఒక దారి వదిలే పరికరం ఉంది. చేపలు చువ్వల మధ్య నుంచి లోపలికి పోతాయి. దానితో పట్టులో కొంత పోతుందని బోట్ల వాళ్ళు జంకుతారు. ఆంధ్ర తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం ఉంటుంది. అది చేపల సంతానం కోసం పెట్టినది. తాబేళ్ళు గుడ్లు పెట్టే రోజులు చాలావరకు అప్పటికే అయిపోతాయి. మా వంతుగా చేయగలిగింది ఒక్కటే. కళేబరం కనబడగానే కొలతలు రాసుకుని, అటవీ శాఖకు కబురు చేసి, వాళ్ళు సరేనన్నాక లోతుగా పూడ్చేస్తాం. వదిలేస్తే కుక్కలు మరుగుతాయి, ఆ వాసన వెంటే గూళ్ళ దాకా వస్తాయి. ఉన్నచోటే వదిలిన గూళ్ళ మీద వెదురు బుట్టలు బోర్లించి, పిల్లలు దూరేంత సందులు ఉంచి, చుట్టూ మేకులు దిగేస్తాం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా సరుగుడు తోటను నేలమట్టం చేసింది. తిరిగి నాటేటప్పుడు నీటి అంచు దాకా సరుగుడే వేయాలని చాలామంది అన్నారు. సరుగుడు గాలిని ఆపుతుంది, నిజమే. కానీ ఒడ్డు దాకా వేస్తే తాబేలుకు తవ్వడానికి మెత్తని ఇసుక మిగలదు, వేళ్ళు అడ్డం పడతాయి, రాలిన పుల్లలు మందంగా పేరుకుంటాయి. ఇప్పుడు మేము చెట్లను వెనక్కి ఉంచి, ముందు భాగంలో బాలబంద తీగను పాకించాం. ముక్క తుంచి తడి ఇసుకలో పాతితే చాలు, వానలకు అదే అల్లుకుంటుంది. రావణాసురుడి మీసాలు అనే ముళ్ళ గడ్డి దానంతట అదే తిరిగొచ్చింది. ఈ రెండూ ఇసుకను పట్టి తిన్నెలు పెంచుతాయి. చెత్త ఏరేటప్పుడు వీటి మీద కాలు వేయకూడదని, ఎండిన నాచు చెత్త కాదని కొత్తగా వచ్చినవాళ్ళకు ముందే చెబుతాం. బరువైన యంత్రాలతో ఒడ్డు శుభ్రం చేస్తామని ఎవరైనా వచ్చినా వద్దంటాం. గూళ్ళున్న ఇసుకను చేత్తోనే శుభ్రం చేయాలి.

తాబేలు పిల్లలు బయటికి వచ్చేది ఇసుక చల్లబడ్డాక, రాత్రి గానీ వేకువన గానీ. అన్నీ కలిసి లోపలి నుంచి తోసుకుంటూ రెండు మూడు రోజులు పైకి వస్తాయి. ఆ కబురు తెలిస్తే నగరం నుంచి జనం దిగిపోతారు, ఫోనులు తీస్తారు, చేతుల్లోకి తీసుకోవాలని చూస్తారు. మా ఊరి బడి పిల్లలు తాడు పట్టుకుని వరుసగా నిలబడి, "ఫోను లైటు ఆపండి అండీ" అని ఒక్కొక్కరికీ చెబుతారు. తాబేలు పిల్లలను నీళ్ళలో వదలకూడదు, ఇసుక మీద వదిలి వాటంతట అవే నడవనివ్వాలి. ఆ కొద్ది దూరపు నడకే వాటికి సముద్రం దిక్కు పట్టిస్తుంది. బుట్టలో గంటల తరబడి ఉంచి సాయంత్రం అతిథుల ముందు వదలడం నేను ఎప్పటికీ ఒప్పుకోను. పుట్టగానే ఉండే ఆ ఉరుకు అంతా బుట్టగోడల మీదే అయిపోతుంది, ఆ తర్వాత కెరటాలు దాటడానికి ఒంట్లో బలం ఉండదు. వెయ్యిలో ఒకటి పెద్దదవుతుందంటారు. ఆ ఒక్కదానికి మనం అడ్డు కాకూడదు.

గత వేసవిలో, బాలబంద తీగ అంచున తల్లి పెట్టిన చోటే వదిలిన గూళ్ళలోంచి పిల్లలు వాటంతట అవే సముద్రానికి చేరాయి. తర్వాత మేము తవ్వి పెంకులు లెక్క చూసుకుంటే పాడైన గుడ్లు కొద్దిగానే ఉన్నాయి. ఇప్పుడు మా జట్టు నిర్ణయం ఏమిటంటే, పోటు తగలని చోట, దీపాలు అదుపులో ఉన్న ముక్కలో గూళ్ళను కదపకూడదు. పక్క ఊరివాళ్ళు కూడా ఒప్పుకున్నారు. డిసెంబరులో రెండు ఊళ్ళ కుర్రాళ్ళకు తాత జాడలు చదవడం నేర్పుతాడు. గెడ్డకు కొత్త వల కావాలి, మామయ్య అల్లుతున్నాడు. చిన్నాన్న మడమ మానింది, తాడు దగ్గర ఇప్పుడు ఆయనే అందరికంటే ముందుంటున్నాడు.

జనవరి నుంచి మే దాకా మా వైపు రాత్రిపూట ఒడ్డుకు వచ్చేవాళ్ళకు ఒక విన్నపం. తాబేలు కనబడితే లైటు ఆర్పి, దాని వెనుక వైపున, దూరంగా కూర్చోండి. ఫ్లాష్ వేయకండి, ముట్టుకోకండి, కుక్కలుంటే అదిలించండి. దగ్గర్లో ఏ వీధిలోనైనా తలుపు తట్టి చెప్పండి, ఏ వేళకైనా ఎవరో ఒకరు లేచి వస్తారు. మీరు తెచ్చుకున్న సీసాలు మీతోనే తీసుకువెళ్ళండి. తెల్లవారేసరికి అక్కడ వల లాగే మా వాళ్ళ కాళ్ళకు చెప్పులుండవు.